అంగన్‌వాడీ తల్లుల సమావేశంలో ఇరవై నిమిషాలు అడుగుతున్నాం

అనంతపురం జిల్లా మహిళా, శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టర్ గారికి, శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారులకు (సీడీపీవోలకు), సెక్టార్ సూపర్‌వైజర్లకు నమస్కారం.

బెంగుళూరుకు బేల్దారి పనికి పోయిన తండ్రి రాత్రి ఇంటికి ఫోన్ చేస్తాడు. వీడియో కాదు, ఉత్త మాటల ఫోన్. ఊర్లో అవ్వ దగ్గరున్న మూడేళ్ల కూతురు కొత్త గాజుల చెయ్యి ఫోన్ ముందు పెట్టి "నాయనా, ఇవి చూడు" అంటుంది. తనకు కనిపించేది నాయనకు కనిపించదన్న సంగతి ఆ వయసు పిల్లలకు చాలాసార్లు తట్టదు. ఒక తండ్రి "ఆ, బాగుండాయి తల్లీ" అని దాటేస్తాడు. ఇంకొకాయన "సరేగానీ, అవ్వకియ్యి ఫోను" అంటాడు. మూడో ఆయన "నాకు కనపడవు తల్లీ. ఫోన్లో నీ మాటలే వస్తాయి. ఎట్లుండాయో నువ్వే చెప్పు" అంటాడు. ముగ్గురికీ బిడ్డంటే ప్రాణమే. అయితే మూడో తండ్రి మాటలో ఒక పాఠం ఉంది. నీకు తెలిసింది నాకు తెలియదు, నువ్వు చెబితేనే తెలుస్తుంది అన్న పాఠం.

ఎదుటి మనిషికి తనదైన మనసుందని, అందులోని ఇష్టాలు, నమ్మకాలు తన మనసులో ఉన్నట్టే ఉండనక్కర్లేదని పసిబిడ్డ తెలుసుకోవడం గురించే ఈ లేఖ. అమ్మానాయనల స్వభావం ఈ తెలివిడిని ఎలా ముందుకు తోస్తుందో, ఎక్కడ ఆపుతుందో చెప్పి, దానికి తగ్గట్టు అంగన్‌వాడీ కేంద్రాల్లో ప్రతినెలా జరిగే తల్లుల సమావేశంలో ఇరవై నిమిషాలు కేటాయించమని అడుగుతున్నాం. 2023 మే 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 'పోషణ్ భీ పఢాయీ భీ', 2024లో వచ్చిన 'నవచేతన', 'ఆధార్‌శిల' అనే బోధన ప్రణాళికలు అంగన్‌వాడీని బువ్వ పెట్టే చోటుగానే కాక చదువు మొదలయ్యే చోటుగా కూడా చూడమన్నాయి. మంచిదే. కానీ కేంద్రంలో బిడ్డ ఉండేది కొన్ని గంటలు. మిగతా రోజంతా ఇంటి మాటల్లోనే పెరుగుతుంది. సమావేశంలో బరువు, ఎత్తు, గుడ్లు, పాలు, టీకాల గురించి మాట్లాడతాం. ఇంటి మాట గురించి మాత్రం "పిల్లలతో ప్రేమగా ఉండండి" అన్న ఒక్క వాక్యంతో ముగిస్తాం. ప్రేమ లేక కాదు, ఆ ప్రేమను ఏ మాటల్లో పెట్టాలో తెలియక బిడ్డకు నష్టం జరుగుతోంది.

ముందు ఈ విషయంలో గట్టిగా తెలిసినదేమిటో చెబుతాం. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లలకు ఒక చిన్న కథ చెప్పారు. ఒక పిల్లాడు చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి పోతాడు. అతను లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. తిరిగొచ్చాక పిల్లాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు చాలామంది చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. తమకు తెలిసింది అతనికీ తెలుసన్నట్టు. నాలుగు దాటి ఐదుకు వచ్చేసరికి ఎక్కువమంది "మొదట పెట్టిన చోటే" అంటారు. 2001లో వెల్మన్ బృందం 178 అధ్యయనాలను కలిపి చూసినప్పుడూ ఈ మార్పే కనిపించింది. 2005లో కెనడా, భారత్, పెరూ, సమోవా, థాయిలాండ్ పిల్లలతో చేసిన పరిశోధనలో కూడా దాదాపు ఆ వయసులోనే ఈ తెలివిడి వచ్చింది. కాబట్టి మూడేళ్ల బిడ్డ తప్పు చెబితే అది మొద్దుతనం కాదు. ఇంకా సమయం రాలేదంతే.

ఈ ఎదుగుదలలో మెట్లున్నాయి. వెల్మన్, లియు 2004లో ఐదు మెట్లు చెప్పారు. నాకు నచ్చింది నీకు నచ్చకపోవచ్చు. ఒకే సంగతి గురించి నువ్వొకటి, నేనొకటి అనుకోవచ్చు. చూసినవాళ్లకు తెలుస్తుంది, చూడనివాళ్లకు తెలియదు. ఉన్నది ఒకటైతే మనిషి ఇంకొకటి ఉందని నమ్మొచ్చు. లోపల దుఃఖం ఉన్నా మొహంలో నవ్వు పెట్టొచ్చు. చైనాలో 2006లో, ఇరాన్‌లో 2011లో చూసినప్పుడు రెండో మెట్టు, మూడో మెట్టు తారుమారయ్యాయి. అక్కడి పిల్లలు ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నది ముందు పట్టుకున్నారు. అభిప్రాయాలు వేరుగా ఉంటాయన్నది తర్వాత అందింది. పెద్దల మాటకు ఎదురు చెప్పని, తెలుసుకోవడానికి విలువిచ్చే ఇళ్లలో ఇలా జరుగుతుందని పరిశోధకుల వివరణ. మన సీమ ఇళ్లూ ఆ తరహావే. అందుకే మన దగ్గర మొదలుపెట్టాల్సింది "నువ్వేమనుకుంటావు" అన్న ప్రశ్నతో కాక "ఇది ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు" అన్న ప్రశ్నతో అని మా అభిప్రాయం.

పిల్లల మధ్య తేడాలు పుట్టుకతో వచ్చినవి కదా, మనం చేయగలిగేదేముంది అని అడగొచ్చు. బ్రిటన్‌లో ఐదేళ్ల కవలలు 1,116 జంటలను పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితాల్లో, ఈ తెలివిడిలో పిల్లల మధ్య కనిపించిన తేడాలకు పెద్ద కారణం వారసత్వం కాదు, పెరిగిన వాతావరణం. మరి తెలివైన పిల్లలు కాబట్టే తల్లులు వాళ్లతో అలా మాట్లాడుతున్నారేమో? రఫ్‌మన్ బృందం 2002లో ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. ఏడాదిలో మూడుసార్లు తల్లీబిడ్డలను చూసింది. మనసు గురించి తల్లి ముందు మాట్లాడిన మాటలు బిడ్డ తర్వాతి తెలివిడిని సూచించాయి. బిడ్డ ముందటి తెలివిడి మాత్రం తల్లి తర్వాతి మాటలను సూచించలేదు.

ఇక స్వభావం సంగతి. మనిషి గుణాన్ని శాస్త్రవేత్తలు ఐదు కొలతల్లో చూస్తారు: కొత్తవాటి మీద ఆసక్తి, పద్ధతిగా ఉండటం, నలుగురితో కలవడం, సౌమ్యత, ఆందోళన. ఈ ఐదింటికీ పిల్లల పెంపకానికీ ఉన్న సంబంధంపై అంతవరకూ జరిగిన అధ్యయనాలను 2009లో ప్రిన్జీ బృందం కలిపి చూసింది. మొత్తం 5,853 తల్లిదండ్రి–బిడ్డ జంటలు. సంబంధం ఉంది, కానీ చిన్నది. ఈ 'చిన్నది' అన్న మాటను దయచేసి గట్టిగా పట్టుకోండి. తల్లి కోపిష్టిదని బిడ్డ జాతకం రాయలేం, తండ్రి నెమ్మదస్తుడని బిడ్డకు ఢోకా లేదనీ చెప్పలేం. గుణం నేరుగా బిడ్డలోకి పోదు. ఇంట్లో ఏ మాటలు వినపడతాయి, తప్పు చేసినప్పుడు ఏం జరుగుతుంది, బిడ్డ మనసులో ఉన్నదాన్ని పెద్దలు సరిగ్గా పట్టుకుంటారా లేదా అన్న మూడు దారుల్లో పోతుంది. నలభై ఏళ్ల మనిషి గుణాన్ని మార్చడం కష్టం. ఈ మూడు దారుల్లో ఒక్కో మాట మార్చవచ్చు. మేమడిగేదంతా దీని మీదే నిలబడి ఉంది.

మాట పొదుపుగా వాడే తల్లిదండ్రులతో మొదలుపెడతాం. తెల్లవారుజామున చేనుకు పోయి పొద్దుగూకి వచ్చే తల్లి, రాయదుర్గంలో రోజంతా జీన్స్ మిషన్ మీద కూర్చునే తల్లి స్వభావంతో గలగల మాట్లాడేదైనా ఇంటికి వచ్చేసరికి మాట మిగలదు. ఇలాంటి తల్లులకు "బిడ్డతో ఎక్కువ మాట్లాడండి" అని చెప్పడం అన్యాయం, అవసరం కూడా లేదు. మాటల సంఖ్య కంటే మాటలోని సరుకు ముఖ్యం. ఎలిజబెత్ మీన్స్ బృందం ఆరు నెలల పసికందులతో తల్లులు మాట్లాడే తీరును గమనించింది. బిడ్డ మనసులో ఉన్నదాన్ని సరిగ్గా పట్టుకుని చెప్పిన మాటలు ఎక్కువగా విన్న బిడ్డలు నాలుగేళ్లు వచ్చేసరికి ఎదుటివారి మనసును బాగా అర్థం చేసుకున్నారు. రోజుకు నాలుగు వాక్యాలు చాలు అని మేం తల్లులకు చెబుతాం. నీళ్లు పోసేటప్పుడు ఒకటి, బువ్వ పెట్టేటప్పుడు ఒకటి, జడ వేసేటప్పుడు ఒకటి, పడుకునేటప్పుడు ఒకటి. "నీళ్లు వేడిగా ఉంటాయేమోనని భయపడినావు కదా." "కూరలో మిరక్కాయ ఉందనుకుంటివా? అది టమేటా తోలు." ఇంతే. కొత్తగా సమయం అక్కర్లేదు, ఎలాగూ చేసే పనిలోనే పడిపోతాయి.

గలగల మాట్లాడేవాళ్ల ఇళ్లలో ఇబ్బంది వేరు. పొద్దున్నుంచీ "రా, పో, తిను, ముట్టుకోవద్దు, చొక్కా తొడుక్కో, మామకు దణ్ణం పెట్టు" అని వినపడుతూనే ఉంటుంది. అందులో మనసు మాట ఒక్కటీ ఉండదు. ఇలాంటి అమ్మకు తన మాటలు తనకే వినిపించాలి. సమావేశంలో ఐదు నిమిషాలు బిడ్డతో ఆడుకోమని చెప్పి, పక్కనున్న తల్లి చేతికి చింతగింజలు ఇవ్వండి. 'అనుకున్నావు, తెలుసు, మర్చిపోయినావు, ఇష్టం, భయం, ఆశపడినావు' లాంటి మాట వినపడ్డ ప్రతిసారీ ఒక గింజ గిన్నెలో వేయాలి. చివర్లో గిన్నెలో ఎన్ని గింజలున్నాయో ఆ తల్లే లెక్కపెట్టుకుంటుంది. సూపర్‌వైజర్ ఏమీ చెప్పనక్కర్లేదు.

కోపం ఎక్కువున్న ఇంటి గురించి కాస్త ఆగి చెప్పాలి. మన జిల్లాలో అప్పు, వాన, వలస మధ్య కోపం చాలామందికి గుణంగానే మారిపోయింది. ఒక దృశ్యం చూడండి. నాలుగేళ్ల తమ్ముడు అక్క చేతిలోని బొరుగుల గిన్నె లాక్కుంటాడు. బొరుగులన్నీ బండల మీద పడతాయి. అక్క ఏడుపు. తల్లి వచ్చి పిల్లాడి వీపు మీద ఒకటి వేస్తుంది. బొరుగులు ఎత్తుతారు, కథ ముగుస్తుంది. ఈ అర నిమిషంలో పిల్లాడు నేర్చుకున్నది ఒక్కటే: అమ్మ చూస్తే దెబ్బ పడుతుంది. అక్క మనసు అతని లెక్కలోకే రాలేదు. ఇలాంటి సమయాల్లో తల్లులేం చేస్తారని రఫ్‌మన్, పెర్నర్, పార్కిన్ 1999లో అడిగి చూశారు. దెబ్బ తగిలినవాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించమని బిడ్డను అడిగే తల్లుల పిల్లలు, ఎదుటివాళ్ల తప్పు నమ్మకాన్ని గుర్తించడంలో ముందున్నారు. కొట్టి, బెదిరించి అణిచే పెంపకం ఉన్నచోట పిల్లలు ఇందులో వెనకబడ్డారని 2003లో ఇంకో అధ్యయనం చూపింది. పెద్దల చేతిలో తీవ్రంగా దెబ్బలు తిన్న పిల్లలు మొహంలో కోపాన్ని మాత్రం మిగతా పిల్లలకంటే త్వరగా పసిగడతారని పొలాక్ పరిశోధనలు చెబుతున్నాయి. ఆ బిడ్డకు మనసు చదవడం రాదని కాదు. బతకడానికి అవసరమైన ఆ ఒక్క పేజీనే చదవడం నేర్చుకుంది.

అదే దృశ్యంలో దెబ్బకు బదులు ఇవి చాలు: "అక్క మొహం చూడు. నువ్వు కావాలనే పారబోసినావనుకుంటాంది. కావాలనే చేసినావా, చెయ్యి జారిందా?" ఇందులో అక్క బాధ ఉంది, అక్క అనుకున్నది ఉంది, తమ్ముడి ఉద్దేశం ఉంది. ప్రశ్న అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టేంతసేపు ఆగాలి. కోపిష్టి తల్లి జారిపోయేది ఇక్కడే. జవాబు రాకముందే రెండో ప్రశ్న, మూడోది అరుపు. ఆ తర్వాత బొరుగులు తమ్ముడే ఎత్తాలి. అది మానకూడదు. మెత్తగా ఉండమని మేం చెప్పడం లేదు.

అయినా చెయ్యి లేస్తుంది. లేచాక ఏం చేయాలి? కోపం ఎక్కువున్నవాళ్లకు మేం చెప్పే పనుల్లో అన్నిటికంటే ముఖ్యం ఇదే. కోపం చల్లారాక బిడ్డ పక్కన కూర్చుని తన పొరపాటు తానే చెప్పాలి. "చెంబు నువ్వు తన్నినావనుకుంటి. పిల్లి తన్నిందంట, అవ్వ చెప్పింది. నాకు తెలియక కోపపడితి." మూడు చిన్న వాక్యాలు. పెద్దవాళ్లు కూడా తప్పుగా అనుకుంటారని, తెలిశాక ఆ అనుకున్నది మారుతుందని బిడ్డకు ఇంతకంటే సూటిగా చూపే దారి లేదు. "బిడ్డ ముందు తగ్గితే నెత్తికెక్కుతాడు" అని తండ్రులు అంటారు. వాళ్లకు చెప్పవలసింది: ఇది క్షమాపణ కాదు, లెక్క సరిచేయడం. అంగట్లో చిల్లర తప్పుగా ఇచ్చినప్పుడు సరిచేయమా?

ఈ మాటల్లో తెలుగు మనకు చేసే సాయం చూడండి. "ఉన్నాయని అనుకున్నాడు" అన్నప్పుడు 'అని' అన్న చిన్నముక్క లోకంలో ఉన్నదాన్నీ మనసులో ఉన్నదాన్నీ విడదీస్తుంది. "పిల్లి తన్నిందంట" అన్నప్పుడు ఆ 'అంట' నేను చూడలేదు, విన్నాను అని చెబుతుంది. "అనుకుంటి గానీ" అన్నామంటే అనుకున్నది తప్పని తేలిందని విన్నవాళ్లకు అర్థమైపోతుంది. జర్మనీలో లోమన్, టొమసెల్లో 2003లో మూడేళ్ల పిల్లలకు శిక్షణ ఇచ్చి చూశారు. పైకి ఒకటిగా కనిపించి నిజానికి ఇంకొకటైన వస్తువులను చూపిస్తూ 'అని అనుకున్నావు' తరహా వాక్యాలు వాడినప్పుడే అన్నిటికంటే ఎక్కువ ఫలితం వచ్చింది. మాట లేకుండా ఉత్తగా చూపిస్తే ఫలితం రాలేదు. అందుకని కార్యకర్తలు సమావేశంలో పుస్తకాల భాష మానేసి తల్లుల యాసలోనే చెప్పాలి. ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఉర్దూలో, రాయదుర్గం వైపు కన్నడం మాట్లాడే ఇంట్లో కన్నడంలోనే ఈ వాక్యాలు పలకాలి. మనసు మాట ఇంటి భాషలో రావాలి.

ఆందోళన ఎక్కువున్న తల్లి బిడ్డ మనసు గురించి చాలానే మాట్లాడుతుంది, కానీ తన భయాన్నే బిడ్డలో చూస్తుంది. బిడ్డ కోడిపిల్లను కళ్లార్పకుండా చూస్తుంటే "భయపడినావా, రా రా" అని ఎత్తుకుంటుంది. మీన్స్ పరిశోధనలో మాటలు సరిగ్గా పట్టుకున్నవేనా అన్న తేడా తేల్చింది ఇందుకే. వీళ్లకు ఒక్కటే సూచన: చెప్పే ముందు బిడ్డ కళ్లు ఎటు చూస్తున్నాయో చూడండి, తర్వాత తీర్పుగా కాక ప్రశ్నగా చెప్పండి. "కోడిపిల్లను ముట్టుకోవల్లని ఉందా?" బూచోడు, పోలీసు అని బెదిరించడం కూడా ఎక్కువగా ఈ ఇళ్లలోనే మొదలవుతుంది. "నిన్ను సంతలో కొనుక్కొచ్చినాం" అని మామలు ఏడిపించే అలవాటు గురించీ తల్లులు అడుగుతుంటారు. వెంటనే నవ్వి "ఉత్తుత్తికి అన్నా, నువ్వు నిజమనుకుంటివి" అని చెప్పేస్తే అది ఆటే. బిడ్డ ఏడుస్తున్నా చెప్పకుండా సాగదీస్తే ఆట కాదు.

అన్నీ పద్ధతిగా ఉండాలనే తల్లిదండ్రులు మొదటి అబద్ధం దగ్గర బెదిరిపోతారు. మూడు, నాలుగేళ్ల బిడ్డ బెల్లం తిని "నేను తినలేదు" అంటే దొంగబుద్ధి కాదు. అమ్మ చూడలేదు కాబట్టి అమ్మకు తెలియదు అని లెక్కేయడం వచ్చిందన్నమాట. మూతికి బెల్లం అంటుకునే ఉంది కాబట్టి ఆ లెక్క ఇంకా పూర్తి కాలేదు కూడా. దెబ్బలతో అబద్ధం పోదు. పశ్చిమాఫ్రికాలో కొట్టే బడి పిల్లలను, కొట్టని బడి పిల్లలను పోల్చి 2011లో ప్రకటించిన అధ్యయనంలో, కొట్టే బడి పిల్లలే ఎక్కువగా, నేర్పుగా అబద్ధమాడారు.

ఇప్పుడు ఇరవై నిమిషాల సంగతి. ఒక విడతకు ఎనిమిది నుంచి పదిమంది పెద్దలు, పక్కనే వాళ్ల పిల్లలు. ఎక్కువమంది వస్తే రెండు విడతలు చేయాలి. మొదటి ఐదు నిమిషాలు బిస్కెట్ ప్యాకెట్ ఆట. ఖాళీ పార్లే–జీ ప్యాకెట్‌లో సుద్దముక్కలు పెట్టి మడిచి ఉంచాలి. ఒక్క బిడ్డను మాత్రమే పిలిచి "ఇందులో ఏముంది?" అని అడగాలి. "బిస్కెట్లు" అంటుంది. తెరిచి చూపించి మళ్లీ మూయాలి. "నిజంగా ఏముంది?" అని అడిగి "సుద్దముక్కలు" అనిపించాలి. తర్వాత బయటున్న ఇంకో బిడ్డ పేరు చెప్పి "వాడు దీన్ని తెరిచి చూడలేదు. ఇందులో ఏముందనుకుంటాడు?" అని అడగాలి. చివరగా "నేను తెరవకముందు నువ్వేమనుకుంటివి?" అని. మూడేళ్లవాళ్లు తమ నోటితో తామే చెప్పిన "బిస్కెట్లు" మరిచి "సుద్దముక్కలు అనుకుంటి" అనడం అప్పుడు తల్లులు కళ్లారా చూస్తారు. ఎంత చెప్పినా రాని నమ్మకం అక్కడ వస్తుంది.

ఈ ఆట ఎక్కడ చెడిపోతుందో ముందే చెబుతాం. మిగతా పిల్లలు చూస్తుంటే ఎవరో ఒకరు జవాబు అరిచేస్తారు. కార్యకర్త కళ్లు ప్యాకెట్ మీదకు పోతే బిడ్డ ఆ కళ్లనే చదువుతుంది. "నిజంగా ఏముంది?" అన్న ప్రశ్న వదిలేస్తే, బిడ్డకు మరుపు వచ్చిందా, అర్థం కాలేదా తేలదు. చాక్లెట్ కథ లాంటిది చెప్పినప్పుడు "యాడ చూడల్ల?" అని అడగకూడదు. అలా అడిగితే వస్తువు ఉన్న చోటే చూపడం సరైన జవాబవుతుంది. "ముందుగా యాడ చూస్తాడు?" అని అడగాలి. కొత్త మనిషి అడిగితే సిగ్గుపడే బిడ్డ నోరు విప్పదు. అది తెలియకపోవడం కిందికి రాదు. అన్నిటికంటే ముఖ్యం, ఈ ఆట ఫలితాన్ని రిజిస్టర్‌లో రాయకండి, మార్కులు వేయకండి, కేంద్రాల మధ్య పోల్చకండి. అంకె అడిగిన మరుక్షణం కార్యకర్తలు జవాబు నేర్పడం మొదలుపెడతారు. వాళ్ల తప్పు కాదది, పై నుంచి అడిగేవాళ్ల తప్పు. నేర్పిన జవాబు పిల్లల నోటికి వస్తుంది, మనసుకు రాదు.

తర్వాతి పది నిమిషాలు కథ. కోతి–మొసలి కథ ప్రతి అవ్వకూ వస్తుంది. నది మధ్యలో కోతి "నా గుండె చెట్టు మీద మరిచి వచ్చినా" అన్న చోట ఆపాలి. "గుండె నిజంగా యాడుంది? మొసలి యాడుందనుకుంటాంది? అందుకే ఏం చేసింది?" మూడు ప్రశ్నలు, ఈ వరుసలోనే, ఒక్కోదాని తర్వాత ఐదు లెక్కపెట్టేంత ఆగాలి. ఇక్కడ పెద్దలు చేసే పొరపాటు ఒకటే. ఆ చోట ఆగకుండా "చూసినావా, చెడ్డవాళ్లతో స్నేహం చేయకూడదు" అని నీతికి దూకుతారు. నీతి రేపు చెప్పుకోవచ్చు. కథంతా మొసలి మనసులో ఉన్న తప్పు నమ్మకం మీద నడుస్తోంది, బిడ్డకు అక్కడ నిలబడే సమయం ఇవ్వాలి. మిగిలిన ఐదు నిమిషాల్లో ఇంటి పని. ప్రతి తల్లీ, అవ్వా తన ఇంటికి సరిపడే ఒక్క వాక్యం ఎంచుకుని గట్టిగా మూడుసార్లు పలకాలి. ఎవరి గుణం ఎలాంటిదని కార్యకర్త చెప్పకూడదు. "మా ఇంట్లో మాట తక్కువ", "నాకు కోపం ముందు" అని వాళ్లే చెప్పుకుంటారు. గుణాలకు పేర్లు పెట్టే ఫారం ఏదీ తయారు చేయకండి.

సమావేశానికి తల్లులనే పిలిస్తే మన జిల్లాలో సగం ఇళ్లు తప్పిపోతాయేమో ఆలోచించండి. వలస నెలల్లో బిడ్డ అవ్వ, తాతల దగ్గరుంటుంది. వాళ్లనే పిలవాలి. దూరంలో ఉన్న అమ్మానాయనలకు ఈ లేఖ మొదట్లో చెప్పిన ఫోన్ మాట ఒక్కటి వాయిస్ మెసేజ్‌గా పంపితే చాలు: కనపడనిది కనపడిందని చెప్పకండి, "నాకు తెలియదు, నువ్వే చెప్పు" అనండి. కేంద్రంలో మూడేళ్లవాళ్లనీ ఐదేళ్లవాళ్లనీ రోజంతా విడదీయకండి. అన్నాతమ్ముళ్లు, అక్కాచెల్లెళ్లు ఉన్న పిల్లలకు ఈ తెలివిడి ముందొస్తుందని 1994లో పెర్నర్ బృందం చూపింది. దాగుడుమూతల్లో తన కళ్లు మూసుకుని దాక్కున్నాననుకునే చిన్నదానికి, కొంగు బయటికి కనిపిస్తోందని చెప్పే పెద్దదానికంటే మంచి టీచర్ దొరకదు.

కొన్ని ఇళ్లలో ఇవేవీ చాలవు. బిడ్డ పేరు పిలిస్తే తిరగకపోతే, ఏడాదిన్నర దాటినా వేలు పెట్టి దేన్నీ చూపకపోతే, వచ్చిన మాటలు పోతే, పెంపకాన్ని తప్పుపట్టకుండా, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే బృందానికి చూపించాలి. ముందు వినికిడి పరీక్ష. వినే తల్లిదండ్రులకు పుట్టిన చెవిటి పిల్లల్లో ఈ తెలివిడి ఏళ్ల తరబడి ఆలస్యమవుతుందని ఆస్ట్రేలియాలో పీటర్సన్, సీగల్ 1995లో చూపారు. అదే, ఇంట్లో పుట్టినప్పటినుంచీ సైగల భాషలో మాట్లాడే పిల్లలకు ఆ ఆలస్యం ఉండదని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. అడ్డు చెవిలో లేదు, ఇంట్లో అందని మాటలో ఉంది. ఇక తల్లి వారాల తరబడి దిగులుగా, నిద్ర లేక, బిడ్డను చూసినా మొహంలో కదలిక లేకుండా ఉంటే అది గుణం కాదు, జబ్బు. ఆమెకు వాక్యాలు నేర్పకండి. పీహెచ్‌సీకి తీసుకెళ్లండి, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి.

మేం ప్రత్యేకంగా నిధులు అడగడం లేదు. ఒక్కో సెక్టార్‌లో రెండు కేంద్రాల్లో మూడు నెలలు ఈ ఇరవై నిమిషాలు నడపడానికి అనుమతి ఇవ్వండి. సూపర్‌వైజర్ల సెక్టార్ సమావేశంలో ఒక పూట మాకివ్వండి, ప్యాకెట్ ఆట, గింజల లెక్క, కథ ఆపే చోట్లు కార్యకర్తలతో చేయించి చూపిస్తాం. మా శిక్షణకు రుసుము లేదు. మూడు నెలల తర్వాత అంకెలు అడగకండి. ఏదైనా కేంద్రానికి ముందుగా చెప్పకుండా వెళ్లి, బువ్వ పెట్టే వేళ ఒక మూల కూర్చుని, ఆయమ్మ నోట "అనుకుంటివా", "తెలియదు కదా", "మర్చిపోయింది" అన్న మాటలు వినపడుతున్నాయేమో వినండి.

ఇట్లు,
బాల వికాసం, పూర్వ ప్రాథమిక విద్య బోధించే కొందరు అధ్యాపకులు, శిక్షకులు
అనంతపురం